కల్వర్టు అవతలి విద్యార్థులు

డిపార్ట్‌మెంటు పరీక్ష మొదటిసారే పాసైనవాళ్లకు మునిసిపల్ చట్టం గుర్తుండదు. నాకు బాగా గుర్తుంది, ఎందుకంటే నేను ఆ పరీక్ష మూడుసార్లు తప్పాను. ప్రతిసారీ అదే లావుపాటి పుస్తకాన్ని మొదటి పేజీ నుంచి మళ్లీ చదవాల్సి వచ్చింది. చివరికి ఎలాగో గట్టెక్కేసరికి, నంద్యాలలో మా ఆఫీసులో ఎవరికి ఏ సందేహం వచ్చినా నా టేబుల్ దగ్గరికే రావడం అలవాటైపోయింది. పరీక్ష తప్పినవాడికి ఇంత గౌరవం దొరికే చోటు ఇంకొకటి ఉంటుందనుకోను. ఇప్పుడు కొత్తగా ఉద్యోగాల్లో చేరిన పిల్లలు కనిపిస్తే, "సార్, మీ సర్వీసులో మీరు చేసిన మంచి పని ఒకటి చెప్పండి" అంటుంటారు. చెప్పుకోవడానికి ఒకటుంది. అయితే అది నేను చేశానా, లేక నేను అడ్డం పడుతున్నా అదే జరిగిపోయిందా అన్నది మీరే తేల్చాలి.

ఎనభైల మొదట్లో మాట ఇది. అంతకుముందు కొన్నేళ్లపాటు ఊరికి కౌన్సిల్ లేదు, ప్రత్యేకాధికారి ఒక్కడే అన్నీ చూసుకునేవాడు. మళ్లీ ఎన్నికలు జరిగి కొత్త కౌన్సిల్ వచ్చేసరికి, అసలు కౌన్సిల్ ఏం చేస్తుందో జనం మరిచిపోయారు. గెలిచినవాళ్లలో కూడా కొందరు మరిచిపోయారు. వీధి దీపం వెలగకపోతే కలెక్టరుకు అర్జీ పెట్టేవాళ్లు. రేషన్ కార్డు రాకపోతే మా శానిటరీ ఇన్‌స్పెక్టర్ సైకిలు పట్టుకుని ఆపేసేవాళ్లు. అప్పుడే కోస్తా జిల్లాల నుంచి కొత్తగా వచ్చిన మా కమిషనర్‌ది చిన్న వయసు, ఉత్సాహం ఎక్కువ. పురపాలన ఎలా నడుస్తుందో ఊరివాళ్లకు మనమే నేర్పాలి, ఆదివారం సాయంత్రాలు ఒక బడిలో పౌర శిక్షణ తరగతులు పెట్టాలి అన్నాడు. ఆ మాటకు ఆఫీసులో ఉన్నవాళ్లంతా ఒక్కసారిగా నా వైపు చూశారు.

మా హెడ్ క్లర్కు పెద్దమనిషి. రిటైర్‌మెంటుకు దగ్గరపడ్డవాడు, నవ్వకుండా నవ్వించడం ఆయనకు పుట్టుకతో వచ్చిన విద్య. "ఆ పుస్తకం మేమంతా ఒకసారి చదివినోళ్లం. నువ్వు నాలుగుసార్లు చదివినావు. నీకు గాక ఇంకెవరికి వొస్తాదప్పా?" అన్నాడు. అది పొగడ్తో ఎగతాళో తేల్చుకునేలోపే ఆర్డరు టైపయిపోయింది.

నిజం చెప్పాలంటే నాది నంద్యాల కాదు. మాది ఆళ్లగడ్డ. అప్పట్లో ఆళ్లగడ్డ పంచాయతీ. అక్కడ పుట్టి పెరిగిన నాకు, ఉద్యోగం వచ్చేదాకా మునిసిపాలిటీ అంటే సినిమా హాళ్లు ఎక్కువగా ఉండే ఊరు అనే తెలుసు. భార్యాపిల్లలు ఆళ్లగడ్డలోనే ఉండేవాళ్లు. శనివారం సాయంత్రం బస్సెక్కి శిరివెళ్ల మీదుగా ఇంటికి పోయి, సోమవారం పొద్దున తిరిగి రావడం నా అలవాటు. ఆదివారం తరగతులని చెప్పగానే మా ఆవిడ, "వారమంతా వాళ్లకు పని జేస్తావు, ఆదివారం వాళ్లకు పాఠం జెప్తావు. మాకు ఎప్పుడు కనపడ్తావో ఆ మైకులోనే జెప్పు, ఇంటాం" అంది. మైకు మాట ఎందుకొచ్చిందంటే, తరగతుల సంగతి చాటించడానికి ఒక రిక్షాకు మైకు కట్టి ఊరంతా తిప్పించాం. ఆ మైకులో మాట్లాడింది కూడా నేనే. నా గొంతు పెద్దదని అందరూ అంటే నమ్మి, రిక్షాలో కూర్చుని ఊరేగాను.

మొదటి ఆదివారం బడి గది నిండింది. ఇద్దరు ముగ్గురు పెన్షనర్లు, లైసెన్సు గొడవలున్న దుకాణదారులు, ఎందుకొచ్చారో వాళ్లకే తెలియనివాళ్లు కొందరు. వీళ్లంతా వెనక బెంచీల్లో కూర్చున్నారు. ముందు వరుసల్లో మాత్రం ఒక పేటవాళ్లంతా కలిసి వచ్చి కూర్చున్నారు. కాలువ అవతల ఉండే పేట అది. ఎక్కువమంది మిల్లుల్లో, పొలాల్లో కూలి చేసుకునే క్రైస్తవ కుటుంబాలు. ప్రార్థన ముగించుకుని, ఉతికిన బట్టలతో, తలలు దువ్వుకుని నేరుగా వచ్చారు. వాళ్లతో మిషన్ బడిలో పనిచేసి రిటైరైన ఒక టీచరమ్మ ఉంది. సన్నగా, నిటారుగా, తెల్లచీరలో. నేను బోర్డు మీద రాసేటప్పుడు అక్షరం వంకర పోతే ఆమె కనుబొమలు కొద్దిగా లేచేవి. అది చూసి నేను తుడిచి మళ్లీ రాసేవాణ్ణి.

వారాలు గడిచేకొద్దీ వెనక బెంచీలు ఖాళీ అయ్యాయి. లైసెన్సులు ఇక్కడ ఇవ్వరని తెలియగానే దుకాణదారులు మానేశారు. పెన్షనర్లకు నా గొంతు ఎక్కువైందట. పేటవాళ్లు మాత్రం ఒక్క ఆదివారం కూడా తప్పలేదు. కౌన్సిల్ అంటే ఏమిటి, కమిషనర్ చేసేదేమిటి, ఎజెండా ఎవరు తయారుచేస్తారు, ఎంతమంది లేకపోతే సమావేశం చెల్లదు, చూడ్డానికి వచ్చినవాళ్లు ఎక్కడ కూర్చోవాలి, ఏం చేయకూడదు, అన్నీ విన్నారు. ప్రశ్నలు అడిగారు. నేను చెప్పింది ఇంతమంది ఇంత శ్రద్ధగా వినడం నా జీవితంలో అంతకుముందు లేదు, తర్వాతా లేదు. పొంగిపోయాను. అంత పొంగిపోయిన మనిషి, వీళ్లు ఎందుకింత శ్రద్ధగా వింటున్నారు అని ఒక్కసారైనా అనుకోవాలి కదా. అనుకోలేదు. నా బోధనే అంత బాగుందనుకున్నాను.

ఎందుకో తెలిసింది మిల్లులో పనిచేసే ఒకామె లేచి నిలబడ్డ రోజున. నడివయసు మనిషి, మాట కటువు. "ఇవన్నీ సరేప్పా. వీధి కొళాయి ఎట్ల వొస్తాదో అది జెప్పు ముందు" అంది.

ఆమె చెప్పిన సంగతి ఇది. పేటలో తవ్విన బావుల్లో ఉప్పునీళ్లే. తాగడానికి కాలువ నీళ్లే దిక్కు. ఎండాకాలం కాలువకు నీళ్లు కట్టేశాక అవీ ఉండవు. అప్పుడు కల్వర్టు దాటి, ఊరి చివర వీధిలో ఉన్న కొళాయి దగ్గరికి పోవాలి. ఆ వీధివాళ్లు తమవి నిండిన తర్వాత రమ్మంటారు, వాళ్లవి నిండేలోపు నీళ్లు ఆగిపోతాయి. పోయిన ఎండాకాలం ఆమె గొడవ పెట్టుకుంటే ఎవరో ఆమె బిందెను మురుక్కాలువలోకి తన్నారు. ఆమె దిగి బిందె తీసుకుని, ఆ వీధికి ఇంక రానని చెప్పి వచ్చేసింది. అప్పట్నుంచి కాలువలో నీళ్లు లేనప్పుడల్లా ఆమె, ఆమెతోపాటు ఇంకొందరు, ఎక్కడో తోటల్లో ఉన్న మోటారు దగ్గరికి పొద్దున్నే నడుస్తున్నారు. మోటారు వేస్తేనే నీళ్లు. మళ్లీ ఎండాకాలం దగ్గరపడుతోంది.

నేను చలించిపోయాను. చలించిపోయినప్పుడు నాకు ఉపన్యాసం వస్తుంది. ఇచ్చాను. తర్వాతి ఆదివారం తరగతిలోనే ఒక నమూనా సమావేశం పెట్టాను. టీచరమ్మ చైర్మన్. మిల్లు ఆమె కొళాయి తీర్మానం ప్రతిపాదించింది. కమిషనర్ వేషం నేనే వేశాను, కుర్చీలో వెనక్కి వాలి, మా కమిషనర్ లాగే కళ్లజోడు తీసి తుడుచుకుంటూ. తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది. అందరూ చప్పట్లు కొట్టారు. ఇక దీన్ని నిజం కౌన్సిల్లో పెట్టించే పూచీ నాది అని మాటిచ్చాను.

మర్నాడు ఎజెండాలో పెట్టమని నోట్ రాసి హెడ్ క్లర్కు ముందుంచాను. ఆయన చదివి, కళ్లజోడు పైనుంచి చూసి, "ఏ వార్డు?" అన్నాడు. చూసి చెప్తానని వార్డుల పటం దగ్గరికి పోయాను. ఒక చివర నుంచి ఇంకో చివరకు వేలు పెట్టి వెతికాను. ఆ పేట లేదు. పటం పాతదేమో అన్నాను. ఆయన తాపీగా తమలపాకు మడుచుకుంటూ, "పటం బాగనే వుండాది. కల్వర్టు దాటినంక మనది గాదప్పా. పక్కూరి పంచాయతీది. ఆడ మునిసిపాలిటీ హద్దు అని బోర్డు గూడా వుంటాది గదా, ఎప్పుడూ చూళ్లేదా?" అన్నాడు.

చూశాను. రోజూ చూశాను. సైకిల్ మీద ఆ దారినే షికారు పోయేవాణ్ణి. ఆ బోర్డు మీద ఎప్పుడూ ఏదో ఒక సినిమా పోస్టరు అంటించి ఉండేది, నేను ఆ పోస్టరే చదివేవాణ్ణి. పురపాలన నేర్పడానికి నియమించిన మనిషికి పురం ఎక్కడ ఆగిపోతుందో తెలియదన్న మాట. నెలల తరబడి పక్క పంచాయతీ వాళ్లను కూర్చోబెట్టుకుని, ఈ మునిసిపాలిటీ మీది, మీరే దీని యజమానులు అని గొంతు చించుకున్నాను.

కమిషనర్ మొదట నవ్వాడు. తర్వాత ఆ నవ్వు మెల్లగా తగ్గింది. "మనవాళ్లకు నేర్పమంటే పక్క ఊరికి నేర్పారా? నేను జిల్లాకు రిపోర్టులో ఏమని రాయాలి?" అని అడిగాడు. మీరు మాటిచ్చారు కాబట్టి వాళ్లకు మీరే వెళ్లి చెప్పండి అన్నాడు. అది న్యాయమే.

ఆ సాయంత్రం కల్వర్టు దాటి పేటకు పోతుంటే నా సైకిల్ ముందుకు కదలడం లేదనిపించింది. వాళ్ల ఆశ నేనే పెంచాను, నేనే తుంచాలి. టీచరమ్మ ఇంటి వసారాలో నలుగురైదుగురు చేరారు. మిల్లు ఆమె కూడా వచ్చి గుంజకు ఆనుకుని నిలబడింది. నేను నీళ్లు నములుతూ, చట్టం గురించి, హద్దుల గురించి ఎక్కడెక్కడో తిరిగి, చివరికి అసలు విషయం చెప్పాను. మీ పేట మా మునిసిపాలిటీలో లేదు, నా వల్ల పొరపాటు జరిగింది అన్నాను. తల ఎత్తడానికి సిగ్గేసింది.

ఎవరి ముఖంలోనూ ఆశ్చర్యం లేదు. టీచరమ్మ నాకు మంచినీళ్ల గ్లాసు అందిస్తూ, "మాకు తెలుసు సార్" అంది.

"తెలీకుండా యాడుంటాదిప్పా? ఓటేసేది ఆ ఊరి సర్పంచికి గదా" అంది మిల్లు ఆమె.

మరి తెలిసీ ఎందుకు వచ్చారని అడిగాను. టీచరమ్మ చెప్పింది: "మా పంచాయతీలో ఇట్ల కూర్చోబెట్టి జెప్పేవాళ్లు లేరు సార్. మీ మైకు కల్వర్టు దాటి వినపడింది. అందరూ రండి అన్నారు, వచ్చినాం. మీరు ఎప్పుడూ ఏ వార్డని అడగలేదు. అడిగితే పంపిస్తారేమోనని మేమూ చెప్పలేదు."

అప్పటిదాకా వాళ్లను మోసం చేశానని కుమిలిపోతున్నాను. ఇప్పుడు చూస్తే ఆ తరగతి గదిలో సంగతి తెలియనివాణ్ణి నేనొక్కణ్ణే. పాఠం చెప్పేవాడికి తెలియని విషయం విద్యార్థులందరికీ తెలిసి, వాళ్లు మర్యాదకొద్దీ అన్ని వారాలు ఊరుకున్నారు. నాకు కోపం రావాలో నవ్వు రావాలో తెలియక ఆ గ్లాసుడు నీళ్లూ తాగేశాను. తాగిన తర్వాత ఆ నీళ్లు ఎంత కష్టపడి మోసుకొచ్చారో గుర్తుకొచ్చి, ఇంకో గ్లాసు ఇస్తామంటే వద్దన్నాను.

దారి లేకపోలేదు. అది హెడ్ క్లర్కే చెప్పాడు. మా పైపు కల్వర్టు దాకా వచ్చి ఆగింది. పక్క పంచాయతీ తమకు నీళ్లు కావాలని, అయ్యే ఖర్చు తామే పెట్టుకుంటామని తీర్మానం చేసి పంపితే, మా కౌన్సిల్ ఒప్పుకుని ఇవ్వొచ్చు. అంటే ముందు ఆ సర్పంచి కదలాలి. అక్కడే చిక్కు. ఆయన చెడ్డవాడేమీ కాదు, కానీ ఆయన గెలిచింది ఈ పేట ఓట్లతోనే. టౌనువాళ్లతో ఏ పని పెట్టుకున్నా, పేట టౌన్లో కలిసిపోతుందేమోనని ఆయనకు భయం. అందుకే ఎప్పుడు అడిగినా చూద్దాంలే అనేవాడు. కాలువ కట్టేయడానికి కొన్ని వారాలే ఉన్నాయి.

నాకు పంచాయతీ చట్టం బొత్తిగా తెలియదు. పంచాయతీలో పుట్టి పెరిగినా తెలియదు. ఆ శనివారం ఆళ్లగడ్డ పోయి మా మామను అడిగాను. ఆయన అక్కడ చాలాకాలం పంచాయతీ మెంబరుగా ఉన్నవాడు. అరుగు మీద కూర్చుని బీడీ తాగుతూ అంతా విన్నాడు. మీటింగు ఎలా పిలుస్తారో, ఎవరు అడగాలో, మెంబర్లలో ముందుగా ఎవరిని చూసుకోవాలో చెప్పాడు. చివర్లో, "అన్నిటికన్నా ముఖ్యం ఒకటుండాది అల్లుడా. ఆ మీటింగులో నువ్వు నోరు తెరవాకు. ఆయప్పకు బయం నీళ్లంటే గాదు, పేట టౌన్లో కలిసిపోతాదని. కలిసే మాట నీ నోట్లోనుంచి వొచ్చిందంటే ఇంగ అంతే" అన్నాడు.

సరే అని తలూపాను. తలుపు వెనక నుంచి మా ఆవిడ, "నాయనా, ఈయప్ప మాట్లాడకుండ వుండేది ఎప్పుడన్నా చూసినావా?" అంది.

మిగిలిన ఆదివారాలు బోర్డు మీద కౌన్సిల్ అన్న మాట తుడిచి పంచాయతీ అని రాశాను. మామ దగ్గర నేర్చుకున్నది అక్కడ అప్పజెప్పాను. టీచరమ్మ ఆ పంచాయతీ మెంబర్ల ఇళ్లకు ఒక్కొక్కరి దగ్గరికీ పోయి మాట్లాడింది. వాళ్లలో ఇద్దరు ఆమె దగ్గర చదువుకున్నవాళ్లే. వాళ్లు పట్టుబట్టి మీటింగు పిలిపించారు.

ఆ రోజు పొద్దున్నే పేట మొత్తం కూలి మానుకుని పక్కూరికి నడిచింది. మీటింగు పంచాయతీ ఆఫీసు వసారాలో. నేను ఊరికే చూసిపోదామని పోయాను. వెనక నిలబడదామనుకుంటే సర్పంచి నన్ను చూసి, మునిసిపాలిటీ సార్ వచ్చినాడని కుర్చీ తెప్పించాడు. తన పక్కనే వేయించాడు. నిమ్మకాయ సోడా ఇప్పించాడు. పేటవాళ్లంతా కింద బారుగా కూర్చున్నారు, అచ్చం నా తరగతిలో లాగే. మొదటి అంశాలు అయిపోయాయి. కొళాయి సంగతి వచ్చింది. మెంబర్లు ఒకరిద్దరు బాగానే ఉంటుందన్నారు. సర్పంచి గడ్డం గోక్కుంటూ ఆలోచిస్తున్నాడు. ఒప్పుకునేలాగే ఉన్నాడు. మర్యాద కోసం నా వైపు తిరిగి, "సార్, మీరు గూడా రోంత జెప్పండి" అన్నాడు.

టీచరమ్మ నా వైపు చూసి తల అడ్డంగా ఊపింది. నాకు కనపడింది. అయినా లేచాను. నా ఎదురుగా నా విద్యార్థులందరూ కూర్చుని ఉన్నారు, చేతిలో సోడా ఉంది, పక్కన కుర్చీ ఉంది. ఇంకేం కావాలి? నీటి గొప్పతనంతో మొదలుపెట్టాను. ప్రజాస్వామ్యం దాకా పోయాను. "ఈ రోజు కొళాయి, రేపు వీధి దీపాలు, ఎల్లుండి ఈ పేటే మా మునిసిపాలిటీలో ఒక వార్డు కావచ్చు" అని గొంతు పెంచి ముగించాను.

చప్పట్ల కోసం ఆగాను. ఎవరూ కొట్టలేదు. సర్పంచి ముఖం ముడుచుకుపోయింది. తువ్వాలు తీసి భుజాన వేసుకుని లేచాడు. "అట్లయితే ఆ ముచ్చట మీ మునిసిపాలిటీలోనే తేల్చుకోండి సార్. ఈడ మాట్లాడేదేం లేదు" అన్నాడు. ఆయన లేవగానే మెంబర్లూ చెప్పుల కోసం చూసుకున్నారు. నేను నిలబడ్డచోటే నిలబడిపోయాను. కింద కూర్చున్న మిల్లు ఆమె నన్ను చూసిన చూపు నాకిప్పటికీ గుర్తుంది. తిట్టి ఉంటే బాగుండేది. మామ మాట చెవిలో మోగుతోంది. ఒక ఎండాకాలం మొత్తాన్ని వాళ్ల నెత్తిన నేనే పెట్టానని అర్థమైంది.

అప్పుడు టీచరమ్మ లేచి నిలబడింది. చేతులు కట్టుకుని, నేను తరగతిలో నేర్పినట్టే, "అధ్యక్షా, చూడను వచ్చినవాళ్లం, మాట్లాడే హక్కు మాకు లేదు. మీరు అనుమతి ఇస్తే ఒక్క మాట చెప్తా" అంది.

ఆ సర్పంచిని అంతకుముందు ఎవరూ అధ్యక్షా అని పిలిచి ఉండరు. వసారా దిగబోతున్నవాడు ఆగాడు. చుట్టూ చూశాడు. తిరిగి వచ్చి కుర్చీలో కూర్చుని, తువ్వాలు సర్దుకుని, చెప్పమ్మా అన్నాడు. మెంబర్లు కూడా కూర్చున్నారు.

"ఈ సార్ మంచాయప్పే. మాకు చదువు జెప్పినాడు. కానీ ఇప్పుడు జెప్పిన మాట ఆయనది, మాది గాదు. మేము వార్డు అడగల్యా. మీ ఊళ్లోనే వుంటాం, మీకే ఓటేస్తాం. మాకు నీళ్లు గావాల, అంతే."

సర్పంచి పేటవాళ్ల వైపు తిరిగి, టౌన్లో కలపమని ఎప్పటికీ అడగబోమని మీరంతా మాటిస్తే తీర్మానం చేస్తానన్నాడు. మాటిచ్చేవాళ్లు చెయ్యెత్తండి అన్నాడు. నా తరగతి మొత్తం చెయ్యెత్తింది. మిల్లు ఆమె అందరికన్నా ముందు, అందరికన్నా పైకి ఎత్తింది. ఆ ఊపులో నా చెయ్యి కూడా సగం లేచింది. నేను మునిసిపాలిటీ ఉద్యోగినని గుర్తుకొచ్చి దించుకున్నాను. తీర్మానం నెగ్గింది.

తిరిగి వస్తూ టీచరమ్మతో, టౌన్లో కలిసే హక్కును అలా వదులుకోవడం మీకు బాధ కాదా అని అడిగాను. క్షమించమని అడగాల్సిన చోట కూడా నాకు ప్రశ్నే వచ్చింది. ఆమె నడుస్తూనే, "టౌను హద్దులు మార్చేది పైన గవర్నమెంటు అని మీరే గదా సార్ చెప్పినారు. వాళ్లు కలపాలనుకున్న రోజు మా చేతులు చూస్తారా?" అంది. ఆ పాఠం చెప్పినట్టు నాకు గుర్తు లేదు. ఆమెకు గుర్తుంది.

మా కౌన్సిల్లో ఊరి చివరి వార్డు సభ్యుడు తమ వీధికి నీళ్లు తగ్గిపోతాయని కొంత గోల చేశాడు. కమిషనర్ గట్టిగా నిలబడ్డాడు. శిక్షణ తరగతుల ఫలితం ఇదీ అని జిల్లాకు చూపించుకోవడానికి ఆయనకు ఇంకేమీ లేదు పాపం. రిపోర్టు నన్నే రాయమన్నారు. హెడ్ క్లర్కు నా భుజం మీదుగా వంగి చూసి, "తరగతులు పూర్తి జేసినోళ్లంతా మునిసిపాలిటీలో చేరేది లేదని చేతులెత్తి మాటిచ్చినారు అని రాయప్పా, అదే గదా జరిగింది" అన్నాడు. నేను, ప్రజలలో చక్కని చైతన్యం కలిగినది అని రాసి సంతకానికి పంపాను.

కాలువ కట్టేసిన కొద్దిరోజులకు పైపు కల్వర్టు దాటింది. పేట మధ్యలో చిన్న దిమ్మె కట్టి కొళాయి బిగించారు. ప్రారంభానికి సర్పంచి వచ్చాడు. కొళాయికి బంతిపూల దండ వేశారు. ఆయన తిప్పితే ముందు గాలి బుసలు కొట్టింది, తర్వాత ఎర్రగా తుప్పు నీళ్లు వచ్చాయి. మాట్లాడమని ఎవరైనా అడుగుతారేమోనని నేను దూరంగా ఒక గోడ పక్కన నిలబడ్డాను. ఎవరూ అడగలేదు. సర్పంచి రెండు మాటలు చెప్పి, దండ తీసుకుని వెళ్లిపోయాడు.

అప్పుడు నీళ్లు తేటపడ్డాయి. లావు ధారగా దిమ్మె మీద పడుతున్నాయి. ఆడవాళ్లంతా బిందెలు చంకన పెట్టుకుని చుట్టూ నిలబడ్డారు. వరసలో ముందు మిల్లు ఆమె. ఆమె బిందె పెట్టలేదు. వెనకున్నవాళ్లు తొందరపెట్టలేదు. నీళ్లు అలా పడి, దిమ్మె దిగి, మట్టిలోకి పారుతున్నాయి. ఎన్నో ఏళ్లుగా వీధి వీధికీ తిరిగి నీళ్లు వృథా చేయొద్దని అరిచిన ప్రాణం నాది, ఆగలేకపోయాను. "ఏమ్మా, బిందె పెట్టండి, నీళ్లు పోతాండాయి" అని గోడ పక్క నుంచే కేక వేశాను.

ఆమె నా వైపు తిరిగింది. ముఖంలో కోపం లేదు. "ఇన్నేండ్లు నీళ్లు యాడుంటే ఆడికి మేమే పోయినాం గదప్పా. ఈ పొద్దు అవే మా కాడికి వొచ్చినాయి. రోంతసేపు చూడనీ" అంది.

నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. చెప్పడానికి రెండు మూడు మంచి మాటలు నోటిదాకా వచ్చాయి కూడా. నా సర్వీసు మొత్తంలో సమయానికి నోరు మూసుకున్నది ఆ ఒక్కసారే.